రాజుగారి చెంప మీద మచ్చ

ఆ ఉదయం మరకల బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాలి. పదకొండింటికి ముసలి దర్శకుడుగారు వచ్చి, బాగుచేసిన తన పాత సినిమా చూసి, సరేనని సంతకం పెట్టగానే ఆ కబురు ఇంటికి మోసుకుపోవాలి. దేవుణ్ణి కూడా పెద్దగా ఏమీ అడగలేదు. "ఆ సంతకం ఒక్కటీ పడేలా చూడు స్వామీ, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడంతే.

ఆయనకు అసలు పేరు ఒకటి ఉన్నా ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పాత సినిమాలను బాగుచేసి, ఇళ్ళల్లో చూసుకునే డిస్కులుగా తయారుచేసే కంపెనీ అది. ఫిల్ము మీద పడ్డ దుమ్ము, గీతలు, బూజు, ఎప్పుడో అతుక్కుపోయిన ఈగ కాళ్ళు, వీటన్నిటినీ కంప్యూటరు తెర మీద ఒక్కో ఫ్రేములోంచి తుడిచెయ్యడం ఆయన పని. ఇరవై ఏళ్ళుగా తుడుస్తూనే ఉన్నాడు. బాగా తుడిచాడనడానికి రుజువు, ఆయన ఏమీ చేసినట్టు కనిపించకపోవడమే. అందుకే కాబోలు, ఇంతవరకూ ఏ డిస్కులోనూ ఆయన పేరు పడలేదు. ఈసారి మాత్రం చివర్లో వేయిస్తానని మేనేజరు మాటిచ్చాడు.

"వచ్చే నెల మొదటి ఆదివారానికి వీధిలో పధ్నాలుగు మందిని పిలిచాను" అంది భార్య, భోజనం డబ్బా చేతికిస్తూ. "మీరు చేసే పనేమిటో ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మరు. పక్కింటి పిన్నిగారైతే మీరు సినిమా హాలు ఊడుస్తారనుకుంటోంది."

"పేరు చిట్టచివర్న పడుతుందే. అందాకా కూర్చుంటారంటావా?"

"తలుపుకి గొళ్ళెం పెడతాను. మీకెందుకు!"

ఆ సినిమా వెనకటి కాలపు ఒక రాజు జీవితకథ. ధర్మం తప్పనివాడు, దైవభక్తుడు, పసితనంలోనే తల్లికి దూరమైనవాడు. భార్య చిన్నప్పుడు ఏడుసార్లు చూసి ఏడుసార్లూ ఏడ్చింది. బాబాయి మాత్రం ఎనిమిది నెలల్లో ఆ సినిమాలోని రెండు లక్షల పదహారు వేల ఫ్రేములూ చూశాడు గానీ, కథేమిటో ఆయనకు తెలియదు. మరకలు తుడిచేవాళ్ళు ధ్వని ఆపేసి పని చేస్తారు. మాటలు వినపడితే కన్ను కథ వెంట పోతుంది, దుమ్ము మిగిలిపోతుంది.

ఆఫీసులో అడుగుపెట్టగానే రంగులు సరిచేసే అమ్మాయి పిలిచింది. "బాబాయ్, ఒక్కసారి ఇలా రా. రాత్రి ధ్వని కలిపారు. విను."

తెర మీద ఒక ముసలి తల్లి. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోయింది. రాజుగారి చెంప తడుముతూ వణికే గొంతుతో అంటోంది: "దేవుడు తన వేలితో పెట్టిన ఈ పుట్టుమచ్చే లేకపోతే నిన్నెలా పోల్చుకునేదాన్ని నాయనా!"

రాజుగారి చెంప కడిగిన పళ్ళెంలా మెరిసిపోతోంది.

"మచ్చేది బాబాయ్?"

బాబాయి తెర మీదికి వంగి చూశాడు. "అది మచ్చా? నేను దుమ్మనుకున్నానమ్మా."

"ఎన్ని ఫ్రేముల్లో తుడిచావ్?"

"ఒక్కటీ వదల్లేదు" అన్నాడు బాబాయి. అలవాటు కొద్దీ ఆ మాటలో కొంచెం గర్వం కూడా తొంగిచూసింది. "మహా మొండిది. పుట్టుమచ్చ అయితే ఒకచోట ఉండాలి కదా? ఇది ఒకచోట నిలిచేది కాదు. అందుకే అనుమానం రాలేదు."

తుడవకముందు స్కాన్ చేసిన సినిమా వేరే భవనంలో భద్రంగా ఉంది. తెప్పించాలంటే రెండు రోజులు. దర్శకుడు రావడానికి రెండు గంటలు. కంప్యూటరుతో మచ్చ మళ్ళీ పెట్టించొచ్చు గానీ ఏ చెంప మీదో తెలియాలి. బాబాయికి రెండు వైపులా తుడిచినట్టే గుర్తు. ఆ గాభరాలో తల్లి చెయ్యి ఏ చెంప మీదుందో చూడాలని ఇద్దరికీ తట్టలేదు. దిక్కులేక భార్యకు ఫోన్ చేశాడు.

"రాజుగారి మచ్చ ఏ చెంప మీదే?"

"ఎడమ చెంప. ఎందుకూ?" అని, అంతలోనే గొంతు పెంచింది. "కొంపదీసి తుడిచేశారా ఏమిటి? దేవుడు పెట్టిన మచ్చని?"

"నెమ్మదిగా అనవే!"

ఆవిడ నెమ్మదిగా అనలేదు. పక్కింటి పిన్నిగారు పరిగెత్తుకొచ్చి మచ్చ కుడి చెంప మీదే అన్నారు. మూలింటి టైలరమ్మ కుట్టుపని వదిలేసి వచ్చి, చెంపేమిటి, నుదుటి మీదయితేనూ అంది. ఫోన్లో ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతుంటే బాబాయి పెట్టేశాడు. ఆ టైలరమ్మ మేనేజరుకు స్వయానా వదిన అన్న సంగతి అప్పటికి ఆయనకు తట్టలేదు.

కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. "స్వామీ, నీ వేలే కదా. ఏ చెంప మీద పెట్టావో నీకైనా గుర్తుందా?" ఇలాంటి సాంకేతిక విషయాల్లో దేవుడు సాధారణంగా జోక్యం చేసుకోడు.

"ఎడమ చెంపే ఖాయం చెయ్యమ్మా" అన్నాడు చివరికి. "సాయంత్రం నేను ఇంటికెళ్ళాలి."

అమ్మాయి మిరియపు గింజంత మచ్చ గీసి, కిరీటం పెట్టుకున్న మనిషి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎడమ చెంప మీద పెట్టమని కంప్యూటరుకు చెప్పింది. అది చెప్పిన మాట వినే యంత్రం. నలభై నిమిషాల్లో రాజుగారికి పెట్టింది, రాణిగారికి పెట్టింది, శత్రురాజుకు పెట్టింది, సభలో ఉన్న తాతగారి రాతి విగ్రహానికీ పెట్టింది. నెత్తిన కుచ్చు కట్టుకున్న పాపానికి పట్టపుగుర్రాన్నీ వదల్లేదు. యుద్ధం చూస్తే ఇద్దరు రాజుల పోరులా లేదు, అన్నదమ్ముల ఆస్తి తగాదాలా ఉంది.

"ఈ లెక్కన ఆ తల్లికి గుర్రం కూడా కొడుకే" అంది అమ్మాయి.

బాబాయి చొక్కా చేతులు మడిచాడు. తనకు బాగా వచ్చిన పని అదొక్కటే. శత్రురాజును తుడిచాడు, రాణిగారిని తుడిచాడు, విగ్రహాన్నీ తుడిచాడు, గుర్రం దగ్గరికి వచ్చేసరికి తలుపు ధడాలున తెరుచుకుంది.

"బాబాయ్ గారూ!" మేనేజరు మొహం కందిపోయింది. "రాజుగారి మచ్చ పోయిందని మా వదిన ఫోన్ చేసి చెబుతుందా నాకు? నా ఆఫీసు సంగతి నేను టైలరు దగ్గర తెలుసుకోవాలా?"

"మళ్ళీ పెట్టేశాం సార్..."

"ఇంక మీరేమీ పెట్టొద్దు, తియ్యొద్దు. అమ్మాయ్, చివర్లో ఈయన పేరు తీసెయ్. ఇప్పుడే, నా ముందే."

అమ్మాయి బాబాయి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఒక్క మీట నొక్కగానే పేరు మాయమైంది. దుమ్ము కన్నా తేలిగ్గా పోయింది. పధ్నాలుగు మంది, తలుపు గొళ్ళెం, పిన్నిగారి నవ్వు ఆయన కళ్ళ ముందు వరసగా తిరిగాయి. అంతలోనే దర్శకుడు అరగంట ముందే దిగబడ్డారని కబురొచ్చింది. గుర్రం అలాగే ఉండిపోయింది.

ఎనభై ఆరేళ్ళ దర్శకుడు చేతికర్ర మీద గడ్డం ఆనించి, సినిమా అంతా చూశాడు. బాబాయి చివరి వరసలో కూర్చుని మొదటిసారి ఆ కథ విన్నాడు. బాగానే ఉందనుకున్నాడు. తల్లి వచ్చే ఘట్టంలో మాత్రం కుర్చీ అంచుకు జరిగాడు. మచ్చ ఎడమ చెంప మీద ఉంది. తల్లి చెయ్యి కుడి చెంప తడుముతోంది. ఇంటి దగ్గర పిన్నిగారు గెలిచారన్నమాట.

దీపాలు వెలిగాయి. "ఆ మచ్చ ఎవరు పెట్టారు?" అన్నాడు దర్శకుడు.

"ఈయనండీ" అని మేనేజరు చప్పున వేలు చూపించాడు. "పేరు కూడా అప్పుడే తీసేయించాను."

దర్శకుడు కర్ర పొడుచుకుంటూ బాబాయి దాకా నడిచి వచ్చాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"నాయనా, మా మేకప్ మనిషికి మహా మతిమరుపు. ఒకరోజు ఎడమ, ఒకరోజు కుడి. ఓ పాటలో అసలు పెట్టనే లేదు. షూటింగ్ అంతా అయిపోయాక చూసుకుని తలపట్టుకున్నాను. పాత ప్రింట్ల మురికి నా పరువు కాపాడుతూ వచ్చింది. మీరు శుభ్రం చేస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. నిజం చెప్పనా? ఇవాళ సంతకం పెట్టకూడదనే వచ్చాను. తీరా చూస్తే మచ్చ మొదట్నుంచీ చివరిదాకా ఒక్కచోటే ఉంది!"

మేనేజరు కాలు తొక్కుతున్నా బాబాయి ఉండబట్టలేకపోయాడు. "కానీ తల్లి కుడి చెంప తడిమిందండీ."

"చూపు లేని మనిషి కదయ్యా, వెతుక్కుంటోంది అనుకుంటారు. ఇన్నాళ్ళకి ఆ ఘట్టంలో నటన కుదిరింది."

"మరి చరిత్రలో రాజుగారికి ఏ వైపండీ?"

"చరిత్రలో ఆయనకి మచ్చే లేదు. తల్లి గుర్తుపట్టాలి కదా అని మా రచయిత పెట్టాడు."

దుమ్ము కింద ఎప్పుడూ నిజమే ఉంటుందని ఇరవై ఏళ్ళుగా నమ్మి తుడుస్తున్న బాబాయి, ఆ మాట వినగానే దేవుడి కోసం పైకి చూశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

"కలం ఇటివ్వండి" అన్నాడు దర్శకుడు. "ఈయన పేరు మొదట్లోనే పడాలి, విడిగా. అప్పుడే సంతకం. గుర్రం మచ్చ మాత్రం తీసెయ్యండి."

మొదటి ఆదివారం పధ్నాలుగు మందీ వచ్చారు. గొళ్ళెంతో పని పడలేదు. డిస్కు పెట్టగానే తెర నిండా "రాజుగారి పుట్టుమచ్చ" అనీ, దాని కింద బాబాయి పూర్తి పేరూ పడ్డాయి. భార్య అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసుకుంది.

"అయితే హాలు ఊడవడం మానేశాడా?" అన్నారు పిన్నిగారు.

ఇరవై ఏళ్ళు మరకలు తుడిచినందుకు రాని పేరు, ఒక్క మరక పెట్టినందుకు వచ్చింది.