సామాన్యులు కావలెను

కంప్యూటర్‌ను నా బొంతలో చుట్టి గోనెసంచిలోకి దించుతున్నప్పుడే మా కాలనీ నాయకులు అప్పలనర్సయ్యగారు ఆ చారిత్రక ప్రకటన చేశారు. పైసా ఖర్చు లేకుండా దొరికే, ఎవరైనా లోపల మార్చుకోగల, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే వ్యవస్థను సామాన్యుల కోసం తయారు చెయ్యాలా వద్దా అన్నది తేలిపోయిందట. నివేదికనూ కంప్యూటర్‌నూ ఆయనే స్వయంగా నాగపూర్ తీసుకెళ్తారట.

నేను సంచి మూతి వదల్లేదు. "మళ్లొస్తదా నర్సన్నా?" అని అడిగాను.

"పరిశీలనకు పోతున్నది మల్లవ్వా. రాక ఏడికి పోతది?" అన్నారు.

ఆ నివేదిక వెనక ఎంత కృషి ఉందో చంద్రపూర్ జిల్లా ప్రజలకు తెలియాలి. దుర్గాపూర్ బొగ్గుగని కాలనీ గ్రంథాలయానికి ఆ కంప్యూటర్ వచ్చినప్పుడు నిర్ణయ సమితికి అప్పలనర్సయ్యగారినే అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన అంతవరకు కంప్యూటర్‌ను ముట్టలేదు గనుక నిష్పక్షపాతి. ఆ తర్వాతా ముట్టలేదు. అంతటి నిగ్రహం. సామాన్యులు వాడగలరని తేలితే కంప్యూటర్ కాలనీకే ఉంటుందని మాత్రం మాట ఇచ్చారు.

మొదటి సామాన్యురాలిగా నన్ను పిలిచారు. కిరాణా పొట్లాల కాగితాల మీద చదువు నేర్చినదాన్ని. తెర నిండా ఇంగ్లీషు చూసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. సమితి సంతోషించి చాయ్ తెప్పించింది.

కంప్యూటర్ నేర్పే స్నేహలత ఊరుకోలేదు. ఇందులో మాటలు మనమే మార్చుకోవచ్చంటూ నన్నే అడిగి ఒక్కొక్కటీ తెలుగు చేసింది. రాసినవి దాచే చోటికి 'సంచి' అని పెట్టించాను. మూసే చోట 'నిష్క్రమణ' అని రాస్తే ఒప్పుకోలేదు. మా ఆయన ఒకనాడు "పోతున్న" అని గనికి వెళ్లాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు.

"మరి ఏం రాయమంటవ్ అవ్వా?"

"పోయొస్త అని రాయి బిడ్డా."

రాసింది. అందుకు ఎవరి సంతకమూ అవసరం పడలేదు. అప్పలనర్సయ్యగారిని కలవరపెట్టింది ఇదే. "ఎవలు పడితె వాళ్లు మార్చుకుంటే ఇగ మేమెందుకు?" అన్నారు.

రెండో పరీక్షలో, నోటితో ఎన్నడూ అనని మా ఆయన పేరును అక్షరం అక్షరం కొట్టాను. సంచిలో దాచి 'పోయొస్త' నొక్కాను. మళ్లీ తెరిస్తే పేరు అక్కడే ఉంది.

ఈసారి సమితి చాయ్ తెప్పించలేదు. చివరికి అధ్యక్షులే దారి చూపారు. "ఈమెకు వస్తున్నది గదా. ఇగ సామాన్యురాలు ఎట్లయితది?"

నన్ను తొలగించారు. తర్వాత చాయ్ హోటల్ రాజన్నను కూర్చోబెట్టారు. స్నేహలత చూపించింది, అతనికీ వచ్చింది, తొలగించారు. మంగలి హనుమంతుకు నీకిది రాకూడదని ముందే చెప్పి పెట్టారు. అతను నిజాయితీగా కళ్లు మూసుకున్నాడు. అయినా వేలు తగిలి తెర మీద సంచి తెరుచుకుంది. తొలగించారు. వానలు పడేసరికి కాలనీలో సామాన్యులు అయిపోయారు.

'ఈ వ్యవస్థను వాడగలిగిన సామాన్యుడు దుర్గాపూర్‌లో ఒక్కడూ దొరకలేదు' అని నివేదిక రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. సామాన్యులు లేని చోట సామాన్యుల కంప్యూటర్ ఉండరాదని కూడా తీర్మానించారు. ఆ తీర్మానం సంగతి మాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు కంప్యూటర్‌ను కట్టే ముందు 'పోయొస్త' నొక్కింది నేనే. సంచి మూతి నేనే కుట్టాను. నడిపి చూపించడానికి స్నేహలత కూడా జీపెక్కింది.

నాగపూర్‌లో సామాన్యుల కోసం సమితి జరిపిన గాలింపు ఒక్క పూటలోనే ఫలించింది. అప్పలనర్సయ్యగారి అల్లుడి ఇంట్లో ఎవరికీ కంప్యూటర్ రాదు.

మర్నాడు స్నేహలత నా బొంత ఒక్కటే పట్టుకుని బస్సు దిగింది.

మా ఆయన 1981 మార్చిలో పోయాడు, రాలేదు. ఆయన పేరున్న కంప్యూటర్ 2003 జూలై పన్నెండున పోయింది. రాలేదు.