పొయ్యి రాజెయ్యని ఆదివారం

ఆదివారం నాడు భార్యను పొయ్యి దగ్గరికి పోనివ్వకూడదని రొంపిచెర్ల మిషను బడి పంతులు దేవానందం శనివారం సాయంత్రమే తీర్మానించుకున్నాడు. తీర్మానించుకోక ఏం చేస్తాడు! నెల్లాళ్ళు చలిజ్వరంతో మూలుగుతూనే పొయ్యి రాజేసిన కృపామణి, అది తగ్గిన మర్నాడే రోకలి పట్టింది. మళ్ళీ తిరగబెడితే మనిషి దక్కడం కష్టమని నరసరావుపేట డాక్టరమ్మ చెప్పిన మాట ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు.

"బైబిల్లో ఎడారిన పడ్డ ఆ జనాన్ని, ఆరో రోజున రెండింతలు మన్నా ఏరుకుని, ఏడో రోజు హాయిగా కూర్చోమన్నాడు దేవుడు," అన్నాడు.

"వాళ్ళకేమండీ, తిండి పైనుంచి రాలింది. నా జొన్నలు నేను దంచుకోవద్దూ? నేను పడుకుంటే ఈ కొంప నడుద్దా?"

"నడవకపోతే ఒక్కరోజు అది కూడా కూర్చుంటుందిలేవే!"

మాటతో ఊరుకుంటే బాగానే ఉండేది. ఆవిడ ఎక్కడ తెల్లారకుండానే లేచి అన్నం పడేస్తుందోనని, బూడిద కింద దాచిన నిప్పు మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించాడు మహానుభావుడు. యుద్ధం మూలాన అగ్గిపెట్టె గగనమైన రోజులవి. పొద్దున్నే వాడ వాడంతా పిడక చేత్తో పట్టుకుని కృపామణి పొయ్యి దగ్గరికే నిప్పుకు వస్తుందన్న సంగతి ఆయనకు తెలియదు. వాళ్ళు వచ్చేవేళకు ఆయన ఏనాడు లేచాడు గనుక!

ఆదివారం మాత్రం లేచాడు. దోమలు కుట్టకుండా భార్యకు తల మీదుగా దుప్పటి కప్పి, చద్దన్నంలోకి ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక కత్తిపీట ముందు కూర్చోవడం అదే మొదలు. రెండో పాయకే కళ్ళు కాలువలయ్యాయి. అప్పుడే పక్కింటి ఆదెమ్మ పిడకతో వచ్చింది.

"వదినా, కాస్త నిప్పు..."

దేవానందం నోటి మీద వేలు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఇవ్వాళ ఈ ఇంట్లో పొయ్యి వెలగదు ఆదెమ్మా. ఆవిణ్ణి ఇంక ఎవరూ లేపొద్దు," అని బిందె భుజాన పెట్టుకుని బావికి వెళ్ళిపోయాడు.

ఆదెమ్మ లోపలికి తొంగి చూసింది. చల్లారిన పొయ్యి. మంచం మీద తలనుంచి కాళ్ళదాకా దుప్పటి. పొద్దెక్కినా కృపామణి పడుకుని ఉండటం ఆ వాడలో ఎవరైనా చూశారా? మనిషి పోయిన ఇంట్లోనేగా పొయ్యి వెలిగించనిది! ఆదెమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పిడక అక్కడే పారేసి వీధిన పడింది. చర్చిలో గంట కొట్టే వీరయ్య ఆమె కేక విని, ఆరాధనకు గబగబా కొట్టాల్సిన గంటను, చావు కబురుకు కొట్టినట్టు ఆగి ఆగి ఒక్కొక్కటే కొట్టాడు.

బావి దగ్గర దేవానందం ఆ గంట విన్నాడు. "ఎవరో పాపం, వెళ్ళిపోయారు," అని బిందె దించి, ఆ ఇంటివాళ్ళకు ఓదార్పు ఇమ్మని ప్రార్థన చేశాడు. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గొర్రెలు తోలుకొస్తున్న బసవమ్మ.

"ఎవరంట బసవమ్మా?"

"అదేందయ్యా, మీ ఇంట్లోనేనంటగా!"

దుప్పటి కప్పాడే గాని ఊపిరి చూశాడా? బిందె ఎక్కడ దొర్లిందో, చెప్పు ఎక్కడ ఊడిందో తెలియకుండా పంతులు పరుగెత్తాడు. తండ్రీ, ఆమెకి విశ్రాంతి ఇమ్మన్నాను గాని నీ దగ్గరికి తీసుకోమనలేదయ్యా!

ఇక్కడ ఇంట్లో కృపామణి, చుట్టూ చేరిన వాడవాళ్ళ ఏడుపులకు మేలుకుంది. దుప్పటి కిందే పక్క తడిమితే భర్త లేడు. 'ఓరి దేవుడా, ఈయనకేమైంది?' అనుకుంది. లేవబోతుంటే తన పేరే వినిపించింది.

"ఓ కృపమ్మ వదినో!" అని ఆదెమ్మ మంచం పట్టె మీద తల పెట్టి శోకాలు తీస్తోంది. "మా పిల్లోడికి జరమొస్తే రాత్రంతా కూర్చుంటివే! ఇంటికి పచ్చడి, వాడకి నిప్పు నువ్వే ఇస్తివే! కొత్త జల్లెడ పోయిందని ఊరంతా ఎతికితివే! అది మా అటక మీదే ఉందే తల్లో!"

దుప్పటి లేచి కూర్చుంది. "నా జల్లెడ నీ దగ్గరుందటే?"

సగం మంది గోడ దూకారు. మిగిలినవాళ్ళు స్తోత్రం అన్నారు. అప్పుడే రొప్పుకుంటూ వచ్చిపడ్డ దేవానందం, జల్లెడ కోసం పోట్లాడుతున్న భార్యను చూసి గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూలిపోయాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఈసారి ఉల్లిపాయలు లేకుండానే.

"ఊరుకోండి, నలుగురూ చూస్తున్నారు," అంది కృపామణి, అనేసి తనూ కొంగు కళ్ళకద్దుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన తన కోసం పరుగెత్తడం ఆమె చూడలేదు.

ఇంతలో వెనకింటి సైదాబీ కుండెడు పప్పన్నంతో వచ్చింది. చావింటికి తిండి తేవడం అన్ని మతాలకూ ఉన్నదే. కూర్చున్న మనిషిని చూసి, "యా అల్లా!" అని గుండె మీద చెయ్యి వేసుకుని, తమాయించుకుంది. "తెచ్చింది ఎనక్కి తీసకపోను బిడ్డా. బతికినోళ్ళకీ ఆకలవుద్దిగా! ఇంక ఆదివారం నిప్పు మా ఇంట్లో తీసుకోమను మీవాళ్ళని. మా శుక్రవారం నమాజు నాడు నేను నీ దగ్గర తీసుకుంటా."

ఆ పూట కృపామణి మంచం దిగలేదు. ఆదెమ్మ కసువు ఊడ్చింది, వీరయ్య నీళ్ళు తెచ్చాడు, దేవానందం భార్య కాళ్ళ దగ్గర కూర్చుని అన్నం కలిపి పెట్టాడు. తను పడుకున్నా కొంప నడుస్తుందని చూసి ఆమెకు కాస్త కష్టంగానూ, చానా హాయిగానూ అనిపించింది.

జల్లెడ మాత్రం ఆ రోజు రాలేదు. ఆదివారం అటక ఎక్కడం పని కిందికే వస్తుందని ఆదెమ్మ పట్టుబట్టింది.