వీరాయమ్మ వరద డబ్బా

గోదావరికి ఎర్రనీరు తగిలిన మూడో రోజు పొద్దున్నే వీరాయమ్మ అటక మీంచి రేకు డబ్బా దింపింది. అందులో ఉన్న పాత చీరలు మంచం మీద పోసి, డబ్బా కడిగి ఎండలో బోర్లించింది.

"ఇవాళ మీరు రాజోలు వెళ్లొచ్చెయ్యండి," అంది మొగుడితో.

బంగారయ్య "ఊఁ" అన్నాడు. ఆయన మాట్లాడటం అంతే. నలభై ఏళ్లుగా ఏటి మధ్యనున్న లంకకీ అవతలి గట్టుకీ మధ్య నావ నడుపుతున్నాడు. ఎక్కినవాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు. నడిపేవాడు మాట్లాడాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

కిందటేడు వరదకి లంకలో జనమంతా నాలుగు రోజులు బడి డాబా మీదే ఉన్నారు. రెండో రోజు వీరాయమ్మకి జ్వరం వచ్చింది. అంత జనంలో ఒక్కరి దగ్గరా జ్వరం బిళ్ల లేదు. ఈ ఏడు నర్సు యామిని మీటింగు పెట్టి, ఇంటింటికీ ఒక డబ్బా ఉండాలని, అందులో ఏమేం పెట్టుకోవాలో చెప్పింది. అందరూ తలలూపి వెళ్లిపోయారు. వీరాయమ్మ ఒక్కతే చీటీ రాయించుకుంది. జ్వరం బిళ్లలు, విరేచనాల బిళ్లలు, ఓఆర్ఎస్ పొట్లాలు ముప్ఫై, దూది, కట్టుగుడ్డ, నొప్పుల మందు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు. ఆఖర్న రెండు వస్తువులు తనే చేర్పించింది.

బంగారయ్య చీటీ కూడబలుక్కుని చదివి ఆ రెండింటి దగ్గర ఆగాడు.

"రబ్బరు షీటా?"

"ఆయ్. ఆస్పత్రి మంచాల మీద వేస్తారు చూడండి, అదీ. బియ్యం, పట్టాదారు పుస్తకం, ఆధార్ కార్డులు దాన్లో చుట్టేస్తే చుక్క నీరు దిగదు."

రెండోది బెడ్ పాను. ఆయన చీటీలోంచి తలెత్తి భార్య వంక చూశాడు.

"అలా చూడకండి. ఈ మోకాళ్లతో ఆ డాబా మెట్లు దిగి, మొలలోతు నీళ్లలో ఎక్కడికని వెళ్లను? కిందటేడు నేను పడ్డ బాధ మీకేం తెలుసు? ఎవరికీ చెప్పకండి మళ్లీ, సిగ్గు చేటు." చీటీ మడిచి ఆయన జేబులో పెట్టింది. "నాలుగింటికి వీఆర్వోగారొస్తారు. ఆలోపల ఇంట్లో ఉండాలి మీరు."

అది ఆమె చెప్పక్కర్లేదు. వరదొస్తే జనాన్ని దాటించడానికి లంకకి ఒక్క నావ రాస్తారు. పద్దెనిమిదేళ్లుగా ఆ కాగితం మీద బంగారయ్య పేరే ఉంది. ఈ ఏడు కొత్త రూలు వచ్చింది. అరవై దాటిన నావవాడైతే వీఆర్వో స్వయంగా చూసి, ఒంట్లో బాగున్నాడని రాయాలి. బంగారయ్యకి అరవై మూడు. వారం రోజులుగా ఆయన ఎవరికీ చెప్పకుండా దాని గురించే ఆలోచిస్తున్నాడు.

రాజోలు మందుల షాపులో పాపారావు కనిపించాడు. కంటి చుక్కల మందు కోసం వచ్చాడు. లంకలో రెండో నావ అతనిది. వరద నావ తనకెప్పుడు వస్తుందా అని పదేళ్లుగా చూస్తున్నాడు, కానీ చెడ్డవాడు కాదు. షాపతను బల్ల మీద ఒక్కొక్కటే పేర్చాడు. దూది కట్ట, ఓఆర్ఎస్ పొట్లాలు, మందుల అట్టలు, రబ్బరు షీటు. అన్నిటి మీదా బెడ్ పాను పెట్టాడు.

పాపారావు గొంతు తగ్గించాడు. "ఎవరికండీ బాబాయ్?"

"ఇంటికే."

"పిన్నిగారికాండీ?"

బంగారయ్య బెడ్ పాను వైపు చూశాడు. పెళ్లాం పరువు గుర్తొచ్చింది.

"కాదు," అన్నాడు.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. పిన్నిగారు కాదంటే మిగిలింది ఎవరో తేల్చుకోవడానికి పాపారావుకి ఎంతోసేపు పట్టలేదు. చుక్కల మందు తీసుకోవడం కూడా మర్చిపోయి బండెక్కాడు.

బంగారయ్య ఆటో దిగి రేవుకి వచ్చేసరికి తన నావలో పన్నెండు మంది ఎక్కి కూర్చున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. కొబ్బరి దింపు తీసే బుల్లబ్బాయి ఎదురొచ్చి సంచీ అందుకున్నాడు. సంచీలోంచి రబ్బరు షీటు అంచు బయటికి కనిపిస్తోంది. బుల్లబ్బాయి దాన్ని తువ్వాలుతో కప్పాడు.

బంగారయ్య నావ తోసే గెడ కోసం చెయ్యి చాపాడు.

"మీరు కూర్చోండి మావయ్యగారండీ. నేనేస్తాను."

"నువ్వా?"

"ఆయ్. మీరలా పడుకోండి, కావలిస్తే."

బుల్లబ్బాయి ఎంత చెట్టయినా ఎక్కుతాడు గానీ ఏనాడూ గెడ పట్టినవాడు కాదు. నావ రెండుసార్లు గిర్రున తిరిగింది. మూడోసారి నీటి కింద ఇసక మేట మీదకెక్కి కూర్చుంది. బంగారయ్య లేవబోతే ఇద్దరు భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు.

"నాకేం లేదురా!" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కోనసీమలో ఒంట్లో బాగున్నవాణ్ణి ఎలా ఉన్నారని అడిగితే, మోకాలు నొప్పనో, నిద్ర పట్టదనో, తిన్నది అరగదనో గంటసేపు చెబుతాడు. నాకేం లేదనేది నిజంగా పెద్ద రోగం వచ్చినవాడే. నావలో ఆడవాళ్లిద్దరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేట మీంచి నావ దిగడానికి ముప్పావుగంట పట్టింది.

ఆయన భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే మొదటి బ్రెడ్డు వచ్చింది. ఒంట్లో బాగోలేనివాళ్లని చూడ్డానికి ఉత్త చేతుల్తో వెళ్లరు. రోగం పేరు రోగి ముందు ఎత్తరు. లంకలో వాళ్లకి ఈ రెండు మర్యాదలూ బాగా తెలుసు. మధ్యాహ్నం రెండు దాటేసరికి అరుగు మీద పదకొండు బ్రెడ్డు పొట్లాలు, మూడు హార్లిక్స్ సీసాలు, రెండు గెలల బొండాలు చేరాయి. ఏమైందని అడిగినవాడు ఒక్కడూ లేడు.

"ఎందుకండీ ఇవన్నీ?" అంది వీరాయమ్మ.

"ఉండనివ్వండి అక్కయ్యగారూ. మేం లేమా?" అంది బుల్లబ్బాయి భార్య. అంటూనే రబ్బరు షీటు విప్పి మంచం మీద పరిచేసింది.

"అది మంచం మీదకి కాదమ్మా, బియ్యానికి!"

ఆవిడ వీరాయమ్మ వీపు నిమిరింది. "అలాగేనండి. బియ్యానికేనండి. మీరు ధైర్యంగా ఉండాలి."

నలుగురు కలిసి బంగారయ్యని ఆ షీటు మీద పడుకోబెట్టారు. ఎవరో తెలివైనవాళ్లు బెడ్ పానుని మంచం కిందకి జరిపి పైన తువ్వాలు కప్పారు. వీరాయమ్మ అది చూసి లోపలికి వెళ్లిపోయింది.

లోపల ఇంకో గొడవ మొదలైంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఎండలో నడిచి వచ్చారు.

"వదినగారూ, తలపోటుగా ఉందండీ. బిళ్లేదైనా ఉంటే..."

బ్రెడ్డు తెచ్చినావిడకి బిళ్ల లేదని ఎలా అంటుంది? ఒకటి ఇచ్చింది. ఆవిడ ఇంటి దగ్గరున్న మొగుడికి కూడా ఒకటి పట్టుకెళ్లింది. తర్వాతావిడ అట్టే అడిగింది. ఒకాయనకి కడుపులో బాగోలేదు. ఒకావిడ కోడలికి నీరసంగా ఉంటోంది, ఓఆర్ఎస్ పొట్లాలు ఆరు పట్టుకెళ్లింది. బుల్లబ్బాయికి జబ్బలు పట్టేశాయని అతని భార్య నొప్పుల మందు తీసుకుంది. మావయ్యగారి కోసం గెడ వేసే కదా పట్టేసింది! మూడున్నరకల్లా డబ్బాలో దూది, కట్టుగుడ్డ, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలే మిగిలాయి.

అప్పుడు నర్సు యామిని వచ్చింది. జనం దారిచ్చారు.

"బీపీ చూడండమ్మా ముందు," అన్నారు నలుగురు ఒకేసారి.

బంగారయ్య గంటన్నర నుంచి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లేస్తే పడుకోబెడుతున్నారు. రబ్బరు షీటు వీపుకి అంటుకుపోయి చెమటలు కారుతున్నాయి. అవతల నాలుగవుతోంది. యామిని పట్టీ చుట్టి, గాలి కొట్టి, చూసి, మళ్లీ కొట్టి చూసింది.

"నూట డెబ్బై ఎనిమిదండీ! మందులు వాడుతున్నారా?"

"లేదు."

"ఇన్ని మందులు తెచ్చుకుని ఒక్కటీ వేసుకోలేదా మీరు?"

వీరాయమ్మ అడ్డొచ్చింది. "అవి ఈయనకి కాదమ్మా! వరదకి! నువ్వే కదా డబ్బా పెట్టుకోమన్నావు!"

యామిని పట్టీ విప్పింది. "ఆ మందులు వరదకే కావచ్చండీ. ఈ నంబరు మాత్రం ఈయనదే."

సరిగ్గా ఆ మాట దగ్గర వీఆర్వో సుబ్రహ్మణ్యేశ్వరరావు గుమ్మంలోకి వచ్చాడు. ముందు గుమ్మం ముందరి చెప్పులు చూశాడు. తర్వాత బ్రెడ్డు పొట్లాలు, ఆ తర్వాత మంచం చూశాడు. చేతిలో తెరిచిన ఫైలు మెల్లగా మూశాడు.

"పెద్దాయనగారూ, మీరు విశ్రాంతి తీసుకోండి. పద్దెనిమిదేళ్లు చేసేరు, చాలండి. ఈ ఏడుకి పాపారావుగారి పేరు రాసేస్తాను."

పాపారావు మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్లనీళ్లు జలజలా కారిపోయాయి. "మీ పేరు నిలబెడతానండి బాబాయ్," అన్నాడు. అది ఏడుపో సంతోషమో అతనికే తెలీలేదు.

బంగారయ్య లేచాడు. రబ్బరు షీటు వీపుతో పాటు కొంత దూరం వచ్చి కిందపడింది. పంచె ఎగ్గట్టి, మూలనున్న గెడ తీసుకుని, రెండో చేత్తో వీఆర్వో మణికట్టు పట్టుకున్నాడు.

"రండి."

"ఎక్కడికండీ?"

బంగారయ్య అప్పటికే నడుస్తున్నాడు. వెనకాల జనం లేచారు.

"సంధి వచ్చిందండీ బాబూ!"

"పట్టుకోండి! ఏట్లో దూకేస్తారేమో!"

"వీఆర్వోగార్ని కూడా తీసుకెళ్లిపోతున్నారండీ!"

వాళ్లు రేవు చేరేసరికి బంగారయ్య వీఆర్వోని నావలోకి ఎక్కించి తాడు విప్పేశాడు. పాయ నిండుగా ఉంది. ఎర్రనీరు సుడులు తిరుగుతోంది. బంగారయ్య నీటికి ఎదురు గెడ వేశాడు. పొద్దున్న బుల్లబ్బాయి ఎక్కించిన మేటని జానెడు దూరంలో తప్పించి, నావని అవతలి గట్టుకి సూటిగా కొట్టాడు. దిగమని చెప్పకుండానే మళ్లీ తిప్పి ఇవతలికి తెచ్చాడు. వీఆర్వో వంక చూశాడు. ఆయనకి ఈత రాదు. రెండు చేతుల్తో నావ అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఏమీ అనడం లేదు.

ఇంకా నమ్మకం కుదరలేదనుకుని బంగారయ్య మళ్లీ అవతలికి తీసుకెళ్లాడు.

మూడోసారి పాయ మధ్యలో ఉండగా వీఆర్వోకి నోరు పెగిలింది. "రాసేస్తానండీ! మీ పేరే రాసేస్తాను! ఒడ్డుకి పట్టండి ముందు!"

"ఇక్కడే రాయండి."

ఫైలు మోకాలి మీద పెట్టుకుని రాశాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి గానీ ఒంట్లో బాగున్నాడనే వచ్చింది. నావ వెనక్కి తిరిగి లంక ఒడ్డుకి రాగానే యామిని బంగారయ్యకి మళ్లీ బీపీ చూసింది. నూట ముప్ఫై. వీఆర్వోది కూడా చూసింది గానీ ఆ నంబరు పైకి చెప్పలేదు. సంతకాలయ్యాక ఆయన పాపారావు నావలో అవతలికి వెళ్లాడు. అడిగి మరీ ఆ నావే ఎక్కాడు.

జనం అసలు సంగతి తెలిసి సిగ్గుపడ్డారు. బంగారయ్య కర్రలా నిటారుగా నడిచి ఇంటికొచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. మూడో దాటులో గెడ బురదలో దిగబడితే ఊడబెరికాడు. అప్పుడు నడుములో ఏదో కటుక్కుమంది.

"నొప్పుల మందు," అన్నాడు.

వీరాయమ్మ డబ్బా తెరిచి చూపించింది. "అయిపోయిందండి. వెళ్లి నాలుగిళ్లల్లో అడిగి తేనా?"

"వద్దు."

ఎందుకు వద్దో ఆమెకీ అర్థమైంది. ఒక్కింట్లో అడిగితే చాలు, అరగంటలో అరుగు మీద మళ్లీ బ్రెడ్డు పడుతుంది. కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు. ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి నడుముకి పెట్టింది. "మళ్లీ చీటీ రాయిస్తాను. ఈసారి రాజోలు నేనే వెళ్తాను," అంది.

తెల్లవారేసరికి నీరు మూరెడు పెరిగింది. పల్లపు ఇళ్లవాళ్లని దాటించమని కబురొచ్చింది. వరద నావకి సాయం మనిషిని పెట్టుకోవచ్చని కాగితంలోనే ఉంది. బంగారయ్య మెల్లగా నడుచుకుంటూ పాపారావు ఇంటికి వెళ్లాడు. ఆయన జీవితంలో అంత పెద్ద మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

"నాకు నడుం పట్టేసింది. వంగలేను. గెడ నువ్వెయ్యి, దారి నేను చెబుతాను. ఎవరితోనూ అనకు."

 వెళ్లి వీఆర్వోకి చెప్పేస్తే వరద నావ పాపారావుదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నిన్న నేను నిజంగానే ఏడ్చేనండి బాబాయ్," అన్నాడు.

"తెలుసు."

"ఆయ్. పదండి అయితే," అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఆ రోజు నావ తొమ్మిదిసార్లు తిరిగింది. ముందువైపు బంగారయ్య వేలితో దారి చూపిస్తూ కూర్చున్నాడు. ఎక్కినవాళ్లంతా ఆయన అంత నిటారుగా కూర్చోవడం చూసి, ఒంట్లో పూర్తిగా నయమైందని సంతోషించారు.