గొలుసు తెంపినవాడు

2003 జూన్ రెండో తేదీ నుంచి నేటి వరకు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా కంపెనీ నుంచి అనుమతి లేకుండా బయటికి పోయిన ఉత్తరం ఒకే ఒక్కటని సగర్వంగా మనవి చేస్తున్నాను. మెయిల్ సర్వర్‌కు సర్వాధికారిని నేనే. పేరు రాజగోపాల్. నేను రాకముందు ఎవరేం పంపినా సర్వర్ కిక్కురుమనకుండా మోసేది. దానికి క్రమశిక్షణ నేర్పాను. పంపేవారు పేరూ పాస్‌వర్డూ చెప్పుకోవాలి. చెప్పుకున్నా, అనుమానించదగ్గ మాట కనబడితే ఉత్తరం నా దగ్గర ఆగాలి. ఇందుకు మెచ్చి మేనేజర్ మోహన్‌కుమార్ గారు నాకు శాలువా కప్పారు. శాలువా నేనే కొనుక్కొచ్చాను.

మొదటి వారంలోనే మూడు వందల పన్నెండు ఉత్తరాలు పట్టుబడ్డాయి. అన్నీ ఒకే జాతి గొలుసు ఉత్తరాలు: "దీన్ని ఇరవై ఒక్కమందికి పంపినవారికి ప్రమోషన్. ఆపినవారికి సర్వనాశనం." శశికళ పంపినవాటిలో ఏడుకొండలవాడున్నాడు, జెస్సీ పంపినవాటిలో మేరీమాత ఉంది. నా ఫిల్టర్‌కు మతభేదం లేదు.

చిక్కెక్కడంటే, వాళ్లంతా పంపేశారు. ఆపింది నేను. మూడు వందల పన్నెండు సర్వనాశనాలూ నా ఒక్కడికే రావాలి. ఇంజనీరుని, ఇలాంటివి నమ్మను. ఆ సాయంత్రమే స్కూటర్ పంక్చరైంది. మర్నాడు పన్ను నొప్పి. దాచడమెందుకు, భయం వేసింది.

నమ్మకంతో కాదు, ముందుజాగ్రత్తగా, ఒక్కో ఉత్తరాన్నీ ఇరవై ఒక్కమందికి పంపడం మొదలుపెట్టాను. నా పేరు, నా పాస్‌వర్డ్ సక్రమంగా ఇచ్చే పంపాను. అధికారి ఉత్తరాలను ఆపరాదని ఫిల్టర్‌కు నేర్పింది నేనే కనుక అదీ అడ్డుచెప్పలేదు.

శుక్రవారం ఐదింటిలోగా సింగపూర్ కంపెనీకి మా కొటేషన్ చేరాలి. ముప్ఫైమంది ఉద్యోగాలు ఆ కాంట్రాక్టు మీదే ఆధారపడ్డాయి. దాన్ని రెండు నెలలు కూర్చుని తయారుచేసిన కిరణ్మయి పరుగెత్తుకొచ్చింది.

"సర్, మెయిల్ బౌన్స్ అయింది! మన సర్వర్ నుంచి వచ్చేదంతా స్పామేనంట, బ్లాక్ లిస్ట్‌లో పెట్టేశారు."

"మన దగ్గర అందరి పాస్‌వర్డ్‌లూ సరిగానే ఉన్నాయి," అన్నాను గంభీరంగా.

ఆమె నన్నొకసారి చూసి, మలుపులోని ఇంటర్నెట్ సెంటర్‌కు పరుగెత్తింది. అక్కడినుంచి కొటేషన్ చేరింది, ఇరవై నిమిషాలు ఆలస్యంగా. కాంట్రాక్టు పోయింది.

సోమవారం విచారణ. ఆరువేల అయిదు వందల ముప్ఫై ఒక్క ఉత్తరాలూ ఒక్కడే పంపినట్టు రుజువయింది. రుజువులు సమర్పించిందీ నేనే. మోహన్‌కుమార్ గారు కళ్లద్దాలు తీశారు.

"అన్నీ పంపినావా అప్పా?"

"ఒకటి మిగిలింది సార్. అంతలోనే మన సర్వర్‌ను వెలివేశారు."

"ఎవురిది?"

"తమరిదే సార్."

"ఇంకేం! కాంట్రాక్టు పోయిన కారణం ఈడే ఉండాది కదప్పా! గొలుసు తెంపితే ఊరికే పోతాదా?"

తలలన్నీ ఊగాయి. నాదీ ఊగింది. "లేట్ అయిందని పోయింది సర్," అంది కిరణ్మయి. దాన్ని వ్యక్తిగత అభిప్రాయంగా నమోదు చేశాం.

పదిమందిని తీసేశారు. జాబితాలో మొదటి పేరు కిరణ్మయిది. నేరం: కంపెనీ ఉత్తరాన్ని అనుమతి లేకుండా బయటినుంచి పంపుట. ఆ ఉత్తర్వు రాసింది నేనే. రాస్తుంటే సిగ్గేసింది, చెయ్యి మాత్రం ఆగలేదు.

మా సర్వర్‌ను ఇంకా ఎవరూ నమ్మడం లేదు కనుక, ఉత్తర్వు పంపడానికి నేనూ ఆ ఇంటర్నెట్ సెంటర్‌కే వెళ్లాను. ముందుగా మేనేజర్ గారి గొలుసు ఉత్తరాన్ని ఇరవై ఒక్కమందికీ పంపేశాను. సీటు దొరకడానికే అరగంట పట్టింది. నా ముందున్న ఇద్దరూ ఏదో దేవుడి మెయిల్ పంపుతున్నారు. ఇద్దరూ ఇంజనీర్లే.