పన్నెండు నిమిషాల పుణ్యం

జానపద కళలను కాపాడుతున్నది ఎవరు? ప్రభుత్వాలా? యూనివర్సిటీలా? కాదండీ! విదేశాల్లో స్టేజీ అంచున, కళాకారుల కాళ్ళ దగ్గర, ఎర్ర అంకెలతో వెనక్కి లెక్కపెట్టే ఒక చిన్న గడియారం! దానికి గుడి కట్టాలని నా ప్రతిపాదన. శంకుస్థాపన ఉపన్యాసాలు మాత్రం పన్నెండు నిమిషాలు మించకూడదు.

నమ్మకం కుదరకపోతే పాప్పమ్మాళ్ సంగతి వినండి. కోయంబత్తూరు పీలమేడులో, మూతపడిన మిల్లు వెనక వీధిలో ఉంటుంది. వయసు అరవై రెండు. ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, వంటపని చేసే కాలేజీ హాస్టల్లో రెండూ కలిపి. ఆ వీధివాళ్ళ మాట చివర తమిళ "దా" తగిలిందంటే "అంతే" అని అర్థం. డప్పుల ముందు నిలబడి పాట ఎత్తుకుంటే ఆమెను మించినవాళ్ళు అవినాశి దాకా లేరు.

వాళ్ళ వీధికి ఒక పాట ఉంది. మొదట చనిపోయినవాళ్ళను పేరుపేరునా పిలుస్తారు. వాళ్ళు వచ్చి కూర్చున్నట్టే లెక్క. తర్వాత వాళ్ళ కథలు పాడతారు. ఎవరు ఏ మిల్లులో చేశారు, ఎవరు ఎవరితో పోట్లాడారు, ఎవరికి ఏ కూర ఇష్టం, అన్నీ వస్తాయి. చివర మళ్ళీ పేరుపేరునా సాగనంపుతారు. ఒక్కో పేరుకూ వీధి వీధంతా "పోయి రా" అనాలి. మొత్తం నాలుగు గంటల పాట. మధ్యలో ఆపితే పిలిచినవాళ్ళు పిలిచినచోటే ఉండిపోతారు. మళ్ళీ సొంత వీధిలో డప్పులు పెట్టి, మొదటినుంచి పిలిచి పంపితేగానీ వాళ్ళకు విడుదల లేదు.

ఇంకో ముక్క కూడా తెలుసుకోవాలి. కట్టుకున్నవాడి పేరు పాప్పమ్మాళ్ నోటితో అనదు. రేషన్ ఆఫీసులో అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పిస్తుంది. ఈ పాటలో మాత్రం అనవచ్చు, అదీ ఆయన పోయాకే. ఆమె భర్త పాండి డప్పు వాయించేవాడు. పోయి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ వీధిలో పాట జరగలేదు. ఎందుకు జరగలేదో తర్వాత చెప్తాను.

అలాంటి సమయంలో బెల్జియం నుంచి పిలుపు వచ్చింది. ఏదో జానపద ఉత్సవం. ఆరుగురు బయల్దేరారు. పాప్పమ్మాళ్, ఆమెకు వంతపాడే ఆరోగ్యమేరి, మేళం నడిపే ఆడబిడ్డ కొడుకు జీవా, ఇంకో ముగ్గురు డప్పులవాళ్ళు.

విదేశీ పర్యటన అంటే ఎంత భోగమో చెప్పమంటారా? విమానాశ్రయంలో డప్పులను మూడుసార్లు యంత్రంలోకి పంపి, నాలుగోసారి కుక్క చేత వాసన చూపించారు. అంత శ్రద్ధగా మన ఊళ్ళో ఎవరైనా డప్పును చూశారా? వాయించే ముందు తోలును మంట మీద కాచాలి కదా, హోటల్లో మంట పెట్టకూడదన్నారు. ఆరుగురూ జుట్టు ఆరబెట్టుకునే మిషన్లు ఆరు తెచ్చుకుని డప్పులకు పట్టారు. హోటలంతా కరెంటు పోయింది! పూటపూటకీ రొట్టె తప్ప మరొకటి లేదు. ఆరోగ్యమేరి తెచ్చిన నిమ్మకాయ ఊరగాయ సీసాను ఆ వారం ఆరుగురూ సాక్షాత్తు దేవతలా చూసుకున్నారు.

స్టేజీ మీద మాత్రం పన్నెండు నిమిషాలు.

నాలుగు గంటలను పన్నెండు నిమిషాల్లో ఇరికించడం చేతకాదని మీరంటారు. జీవాకు చేతనయింది. "అత్తా, పిలిచేది ఎనిమిది నిమిషాలు, పంపేది నాలుగు. నడాన కతలు వొద్దు" అన్నాడు. ముప్పై ఒక్క పేర్లలో అయిదే ఉంచారు. సాగనంపేటప్పుడు ఏమనాలో పాటకు ముందే జనానికి నేర్పించారు. అయిదొందల మంది తెల్లవాళ్ళు బుద్ధిగా "పోయి రా" అని అప్పజెప్పారు.

పిలవాల్సిన వాటిలో అయిదో పేరు పాండిది. అక్కడికి వచ్చేసరికి పాప్పమ్మాళ్ ఆగిపోయింది. నలభై ఏళ్ళు కాపురం చేసి ఒక్కసారి కూడా అనని పేరు. మెల్లగా అంది. బాగుంది. మళ్ళీ అంది. ఇక ఆపలేకపోయింది. ఏడుస్తూ, నవ్వుతూ, రాగం మార్చి మార్చి ఆ ఒక్క పేరే పాడింది. జీవా కళ్ళతో గడియారం చూపిస్తూనే ఉన్నాడు. ఆమె చూస్తేగా! ఎర్ర అంకెలు సున్నాకు వచ్చాయి. మైకు ఆగింది, లైటు ఆరింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తెర వెనక ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "పంపకనే వచ్చేస్తిమే" అంది.

"లేచి నిలబడి చేతులు తట్టినారు అత్తా. ఇంకేం కావల్ల?" అన్నాడు జీవా.

"తట్టితే? ఆ నలుగురితో మీ మామ ఆ స్టేజి మింద కూర్చోనుండాడు. ఈ చలికి దుప్పటి గూడ లేదు."

ఆరోగ్యమేరి ఆమె చెయ్యి పట్టుకుంది. "మా చర్చివోళ్ళకి ఈ తంటా లేదక్కా. ఒకతూరి పోతే పైన దా. ఊరూరికీ పిలిచి సతాయించేది లేదు."

పాప్పమ్మాళ్ నిర్వాహకురాలి దగ్గరికి పోయి ఇంకో నాలుగు నిమిషాలు అడిగింది. ఆమె ఎంతో ప్రేమగా నవ్వి ఒక ఫారం చేతిలో పెట్టింది. కేటాయించిన సమయంతో మీరు సంతృప్తి చెందారా అని అందులో ప్రశ్న. జీవా "చాలా బాగుంది" దగ్గర టిక్కు పెట్టాడు.

ఇప్పుడు చెప్పండి, ఇది వరమా కాదా? పీలమేడు ఇంజనీర్లు వీసా కోసం వేలిముద్రలు ఇచ్చి, బ్యాంకు కాగితాలు చూపించి, పడిగాపులు పడుతున్నారు. పాండికి ఒక్క కాగితం లేకుండా బెల్జియంలో శాశ్వత నివాసం దొరికింది! ఇదే పద్ధతి మన దగ్గరా పెడితే ఎంత సుఖం? పెళ్ళి పన్నెండు నిమిషాలు. అత్తగారి సలహాలు పన్నెండు నిమిషాలు. అసెంబ్లీ సమావేశం పన్నెండు నిమిషాలు, అందులో పది వాకౌట్‌కి.

కానీ పాప్పమ్మాళ్‌కి ఆ కృతజ్ఞత లేదు. ఊరికి తిరిగొచ్చాక ఆమె ఫోన్లో బెల్జియం వాతావరణం చూడడం నేర్చుకుంది. రోజూ పొద్దున్నే చూసి, "రెండు డిగ్రీ దా" అని దిగులుగా హాస్టలు వంటకు పోతుంది.

ఆడి మాసం, అంటే తమిళుల ఆషాఢం, వచ్చింది. వీధి మారియమ్మ పండగ. పాట పెట్టాల్సింది అప్పుడే. ఆమె పండగ కమిటీ సెక్రటరీ సెంథిల్‌కుమార్ ఇంటికి పోయి మొత్తం పాటకు చోటు అడిగింది. "పాడండక్కా, మీరిప్పుడు ఇంటర్నేషనల్" అన్నాడతను. వీధి మొదట్లో ఆమె ఫొటోతో పదడుగుల ఫ్లెక్స్ కూడా కట్టించాడు. పాప్పమ్మాళ్ పొంగిపోయింది. పాండికి ఇష్టమని చెనక్కాయలు వేయించి పెట్టుకుంది. ముప్పై ఒక్క పేర్లూ వరసగా నెమరు వేసుకుంది. ఈసారి ఆయన పేరు ఒక్కసారే అంటానని, పంపాల్సిన చోట పంపుతానని జీవాకు మాట ఇచ్చింది.

పండగ సాయంత్రం ఆమెను స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. జానపద కళలు అంతరించిపోతున్నాయని ఒక పెద్దమనిషి నలభై నిమిషాలు బాధపడ్డాడు. ఆయన బాధ చూడలేక ఇంకొకాయన మరో అరగంట బాధపడ్డాడు. ఆమెకు ఏడు శాలువాలు కప్పారు. అప్పుడు సెంథిల్‌కుమార్ వంగి చెవిలో చెప్పాడు. "అక్కా, ఆర్కెస్ట్రావోళ్ళు వచ్చేసినారు. మీకు మూడు నిమిషాలు."

"బెల్జియంలో పన్నెండు ఇచ్చినారప్పా."

"అది ఫారిన్ అక్కా."

వెనకటి రెండేళ్ళూ పాట జరగకపోవడానికి కారణం కూడా ఈ ఆర్కెస్ట్రాయే. అప్పుడు మూడు నిమిషాలు కూడా లేవు. ఫ్లెక్స్ అంతకన్నా లేదు.

కింద జీవా డప్పు కాచి సిద్ధంగా ఉన్నాడు, గడ్డిమంట మీదే. పుల్ల ఎత్తాడు. పాప్పమ్మాళ్ వద్దని చెయ్యి ఊపింది. మైకు దగ్గరికి వచ్చింది. రాగం లేదు, పాట లేదు. ఇంట్లో మాట్లాడినట్టు, వీధి అంతా వినేట్టు, ఎన్నడూ పాట బయట అనని పేరు అంది.

"పాండీ, నువ్వు ఆడనే ఉండు సామీ. ఆ ఊరోళ్ళు మంచోళ్ళు. ఈడ నీకు టైమ్ లేదు."

దానికి పది సెకన్లు పట్టింది. ఇంకా రెండు నిమిషాల యాభై సెకన్లు మిగిలాయి. కమిటీవారు వాటిని వృథా పోనివ్వలేదు. ఆమెకు ఎనిమిదో శాలువా కప్పారు.