ఎనభై నంబరు ఉప్పుకాగితం

ఆ ఆదివారం పొద్దున లెక్కల మాస్టారు పెట్టుకున్నది అరగంట పని. కారు బానెట్ మీద నాలుగు చోట్ల ఆవగింజంత మేర రంగు లేచిపోయింది. అక్కడ రంగు చుక్కలు పెట్టి, కుబుసంలా ఊడుతున్న పై వార్నిష్ పొరను కాస్త నున్నగా చేసి, స్నానం చేసి పేపరు చదువుకోవాలి. నాలుగింటికి కూతురు వస్తుంది. ఈసారి కూడా కారు ఇలాగే కనబడితే పాత ఇనుము వాళ్లకు తనే ఫోన్ చేస్తానని పోయినసారి చెప్పి వెళ్లింది. అన్న మాట మీద నిలబడటంలో ఆమెది పోయిన వాళ్లమ్మ పోలికే.

పద్దెనిమిదేళ్ల కారుని ఎందుకు వదలరో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. పిసినారితనమని ముందే తేల్చేసుకున్నారు.

రంగుల కొట్టులో ఉప్పుకాగితం ఏ నంబరుది కావాలన్నారు. ఎనభై నుంచి రెండు వేల దాకా ఉన్నాయట. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి, అంకెల గురించి ఇంకొకరిని అడగడం నామోషీ అనిపించింది. చిన్న అంకె అంటే తక్కువ గరుకని తీర్మానించి ఎనభైది రెండు కాగితాలు కొన్నారు. ఇంటికొచ్చి తడిమి చూస్తే అదే రంపంలా తగిలింది. రెండు వేలది ఇంకెలా ఉంటుందో అనుకుని తన ముందుచూపుకి తనే సంతోషించారు.

అద్దాలకూ దీపాలకూ పేపర్లు కప్పి టేపు వేశారు. ఎడమ వెనక తలుపు మీద మాత్రం, పనేమీ లేని చోట, మూరెడు టేపు జాగ్రత్తగా అంటించారు.

నాలుగు రుద్దులకే రంగు పోయి రేకు కనిపించింది. ఆ మచ్చ తెలియకుండా చుట్టూ రుద్దారు. మచ్చ పళ్లెమంత అయింది. నడుం పట్టేసి, కారుకి వీపు ఆనించి కూర్చుంటే ఎక్కడో గరగర వినిపించింది. వీధిలో ఎవరో ఊడుస్తున్నారనుకుని కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి పక్కింటి డ్రాయింగు మాస్టారు రెండో కాగితంతో కారు టాపు సగం గీకేసి ఉన్నారు.

"మిమ్మల్నెవరు గీకమన్నారు మాస్టారూ?"

"ఎవరో చెప్పాలా? ఒక్కరే అవస్థ పడుతున్నారని వచ్చాను. సాయంత్రానికి మొత్తం లేపేద్దాం."

"మొత్తం కాదండీ, నాలుగు చుక్కలు."

ఆయన టాపుని చూశారు, బానెట్‌ని చూశారు. "ఆ మాట ముందు చెప్పాల్సింది," అన్నారు నెమ్మదిగా.

స్ప్రే డబ్బాలో ఉన్న రంగంతా ఇద్దరూ కలిసి చల్లారు. ఆరకముందే టేపులు పీకితే ప్రతి టేపుతోనూ అరటితొక్కలా వార్నిష్ ఊడివచ్చింది. ఒక పేపరు గాలికెగిరి తడి బానెట్ మీద పడింది. తీస్తే సగం వార్తలు బానెట్ మీదే ఉండిపోయాయి. పేపరు చదవాలన్న కోరిక ఆ విధంగా తీరింది.

కూతురు చెప్పిన వేళకే వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఫోను తీసింది. మాస్టారు వాదించలేదు, ఆ ఓపిక లేదు. ఎడమ వెనక తలుపు దగ్గర ఆమె ఆగింది.

"ఈ ఒక్క టేపూ తీయలేదేం నాన్నా?"

ఆయన చేతికంటిన రంగు తుడుచుకున్నారు.

"ఇక్కడే కదా, డ్రైవింగు నేర్చుకుంటూ అమ్మ కారుని గేటుకి రాసి గీత పెట్టింది?"

"ఊ. పొరపాటున కాగితం తగులుతుందేమోనని."

ఆమె కాసేపు ఆ టేపు మీద వేలు ఉంచి, తర్వాత నంబరు నొక్కింది. పాత ఇనుము వాళ్లకేనని మాస్టారు తల దించుకున్నారు.

"కార్లకి రంగు వేసేది మీరేనాండీ? మొత్తం వేయాలి. ఎడమ వెనక తలుపు తప్ప." ఫోను పెట్టేసి, కింద పడి ఉన్న ఉప్పుకాగితం తిప్పి వెనక నంబరు చూసింది. "చిన్న నంబరైతే ఎక్కువ గరుకు నాన్నా."

"ఏ లెక్కల్లోనూ అలా లేదమ్మా," అన్నారు ఆయన అలసటగా.

ఇప్పుడా కారు మెరిసిపోతోంది, ఒక్క తలుపు మీద మూరెడు టేపు తప్ప. దాన్ని పీకితే గీత కూడా ఊడి వస్తుందని ఇద్దరు మాస్టార్లకీ అనుభవం మీద తెలుసు.