బజ్జీల పళ్ళెం, అయిదు ముక్కల పోకరు

ఆ ఆదివారం పొద్దున్న రామమూర్తి పథకంలో పెద్ద చిక్కేమీ లేదు. మధ్యాహ్నానికి కొట్టు తలుపులు దించాలి, భోంచేసి కాస్త నడుం వాల్చాలి, మూడింటికి మేడ మీద చాప పరిచి అయిదు ముక్కల పోకరులో రఘుని చిత్తుగా ఓడించాలి. రాయగడ బజారులో పప్పులూ బెల్లమూ టోకున అమ్మి జుట్టు నెరిసిన మనిషికి అదేమంత పని కాదు.

ఒకప్పుడు ఒడిశాలో కోరాపుట్ నుంచి రాయగడ దాకా తెలుగువాళ్ళ కొట్ల వెనక గదుల్లో ఈ ఆటే ఆట. ఒక్కొక్కరికి అయిదు ముక్కలు పంచుతారు. ఎవడి ముక్కలు వాడు గుండెకానించుకుంటాడు. పందెం కాస్తారు, పనికిరాని ముక్కలు పడేసి కొత్తవి తీసుకుంటారు, మళ్ళీ పందెం కాస్తారు, చివరికి పరుస్తారు. ఎదుటివాడి చేతిలో ఏముందో వాడి మొహం చూసి కనిపెట్టడమే విద్య. ఆడేవాళ్ళు కొందరు రమ్మీలోకీ, కొందరు ఫోన్లలోకీ, మరికొందరు ఏకంగా పైలోకానికీ జారుకోగా, ఇప్పుడు మిగిలింది రామమూర్తి మేడ ఒక్కటే. పందెం డబ్బు కాదు, చింతపిక్కలు. రామమూర్తి భార్య రాజ్యం చింతపండు గింజ తీసినప్పుడల్లా వాటిని కడిగి ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచేది.

ఆడేది నలుగురు. రామమూర్తి, మునిసిపాలిటీలో నీళ్ళు వదిలే మల్లేశు, ఆటో స్టాండు దగ్గర టైర్ల కొట్టు పెట్టుకున్న బాపి, కొత్తగా జేకేపూర్ కాలనీ నుంచి వచ్చి చేరిన రఘు. కాగితం మిల్లులో గుమస్తా అయిన ఈ రఘుతోనే వచ్చింది తంటా. పోయిన వారం ముక్కలు కలుపుతూ, ఈ ఆట ప్రపంచంలో ఎక్కడా ఆడటం లేదని చెప్పాడు. ఇప్పుడంతా కొత్త రకమట. చేతిలో రెండు ముక్కలే దాచుకుంటారట, మిగతావి అందరికీ కనబడేలా మధ్యలో పరుస్తారట. ఆదివారాలు తన క్వార్టర్లో కూర్చుని అదే ఆడుకుందామని, ఏసీ కూడా ఉందని అన్నాడు. ఏసీ మాట వినగానే మల్లేశు, బాపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, వచ్చే ఆదివారం పిక్కలన్నీ ఎవరు గెలిస్తే వాళ్ళు చెప్పిన చోట, వాళ్ళు చెప్పిన ఆట.

రామమూర్తికి ఆ రాత్రి ముద్ద దిగలేదు. వారమంతా తన గుమ్మం తొక్కేవాళ్ళు కందిపప్పు ధర అడగడానికి తొక్కుతారు. ధర నచ్చకపోతే మంచినీళ్ళు కూడా తాగకుండా పోతారు. పనేమీ లేకుండా, తన కోసమని మనుషులు మెట్లెక్కి వచ్చేది ఆదివారం ఒక్కరోజే. అదీ జేకేపూర్ పోతే ఆ మేడ మీద ఆరబెట్టిన మిరపకాయలూ తానూ మిగులుతారు.

అయితే అతనికి ధైర్యం కూడా ఉంది. ఆ ధైర్యం పేరు మిరపకాయ బజ్జీ.

ఆట మధ్యలో రాజ్యం బజ్జీలు తెచ్చి, చుట్టూ తిరిగి, ఒక్కొక్కరి వెనక నుంచి వంగి పళ్ళెంలో వేస్తుంది. వంగినప్పుడు ముక్కలు కనబడతాయి. ఆమెది జాలిగుండె. ఎవడి చేతిలో చెత్త ముక్కలుంటే వాడికి, పాపమని, ఒక బజ్జీ ఎక్కువ వేస్తుంది. ఈ సంగతి రామమూర్తి ఎప్పుడో మల్లేశు పళ్ళెం చూసి పసిగట్టాడు. అప్పట్నుంచి అతను ఎవరి మొహమూ చూడలేదు. పళ్ళేలు చూసి ఆడాడు, గెలిచాడు, బజారులో గొప్ప ఆటగాడని పేరు తెచ్చుకున్నాడు. ఇది మోసమా అని తనను తాను ఒకసారి అడిగి చూసుకున్నాడు. తన ఇంట్లో తన భార్య వేసిన బజ్జీలు తాను చూడటం మోసమెలా అవుతుందని తానే జవాబు చెప్పుకున్నాడు.

ఇంత పకడ్బందీగా ఉన్న పథకం మీద రాజ్యం పొద్దున్నే కాఫీతో పాటు నీళ్ళు చల్లింది.

"ఈయేళ బజ్జీలు సెయ్యను. మీకెవ్వరికీ నూనె పడట్లేదు. వేరుశనగలు ఉడకబెట్టి గిన్నెలో ఎడతాను, మధ్యలో ఎట్టుకు తినండి."

మధ్యలో గిన్నె. రామమూర్తి కళ్ళముందు రఘు క్వార్టర్ కనబడింది. తేరుకుని, రఘుకి ఆ బజ్జీలంటే ప్రాణమని, వాటి కోసమే జేకేపూర్ నుంచి అంత దూరం వస్తున్నాడని అబద్ధమాడాడు. రాజ్యం ఒక్క క్షణం ఆగింది. పాతికేళ్ళలో ఆ బజ్జీలు బాగున్నాయని ఇంట్లో ఎవరూ అనలేదు. అయినా పైకి ఏమీ తేలనివ్వకుండా, మిరపకాయలు లేవు, శనగపిండి లేదు, నూనె అడుగంటిందని చెప్పి లోపలికి వెళ్ళింది. రామమూర్తి, బజ్జీల సామాను నిండుకుందని బజారంతా వినబడేలా చెప్పి, కొట్టు గుమస్తాకి అప్పజెప్పి సంచి పట్టుకుని బజారుకు పరుగెత్తాడు. కొండ మీద నుంచి దిగిన ఆడవాళ్ళ దగ్గర వచ్చీరాని దేశియా భాషలో బేరమాడి, ముందుగా బుట్టెడు మిరపకాయలు మోసుకొచ్చాడు.

వచ్చేసరికి పెరటి గుమ్మంలో మల్లేశు ఉన్నాడు. అతని చేతిలోనూ ఒక సంచి.

"మా బామ్మర్ది నారాయణపట్న నుంచి అట్టుకొచ్చేడు వదినా. మా ఇంట్లో ఎవులూ తినరు. బాపిగాడు మీ బజ్జీలని ఒకటే కలవరింత, పాపం."

మల్లేశు వెళ్ళిన కాసేపటికి బాపి వచ్చాడు. శనగపిండి బస్తా స్కూటర్ మీద నుంచి దించి, ఎవరో బాకీ కింద అంటగట్టారని, తనకెందుకని, మల్లేశన్నకి అక్క బజ్జీలంటే పిచ్చి గదా అని చెప్పాడు. బాపి వెళ్ళాక రఘు తానే బండేసుకుని వచ్చి నూనె డబ్బా గుమ్మంలో పెట్టాడు. సొసైటీలో సగం ధరకి ఇచ్చారని, మూర్తిగారు వదినగారి బజ్జీల గురించి రోజూ చెబుతుంటారని అన్నాడు. రామమూర్తి రోజూ ఏమీ చెప్పడు. ఏ రోజూ చెప్పలేదు.

ఇదంతా తలుపు చాటు నుంచి చూసిన రామమూర్తికి వాళ్ళ మీద జాలి కలిగింది. తిండి కోసం ఎంత తాపత్రయపడుతున్నారు, వెర్రిబాగులవాళ్ళు, అనుకున్నాడు. తాను తెలివైనవాణ్ణని మనిషికి గట్టిగా అనిపించేది సరిగ్గా ఇలాంటప్పుడే.

రాజ్యం మాత్రం వంటింటి మధ్యలో నిలబడిపోయింది. నలుగురు మగవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు, తన బజ్జీల కోసం తాపత్రయపడ్డారు. ఆమె కళ్ళు తుడుచుకుని, పక్కింటి వరహాలమ్మ దగ్గర పెళ్ళిళ్ళకు వాడే మూకుడు అరువు తెచ్చింది. మిరపకాయలు చీల్చి, వామూ చింతపండూ నూరి కూరడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనం సంగతి మరిచేపోయింది. రామమూర్తి అటుకులు నమిలి మేడెక్కాడు.

ఆట మొదలైంది. పిక్కలు సమానంగా పంచుకున్నారు. ముక్కలు పడ్డాయి. రామమూర్తి చేతిలో చూడదగ్గదేమీ లేదు. పనికిరానివి మార్చుకుంటే మరింత పనికిరానివి వచ్చాయి. జతలేదు, వరసలేదు, అన్నిటికంటే పెద్దది జాకీ. ఫర్వాలేదు, పళ్ళేలు రానీ అనుకున్నాడు.

పళ్ళేలు వచ్చాయి. రాజ్యం మొహం వెలిగిపోతోంది. ఆమె మల్లేశు పళ్ళెంలో బజ్జీలు వేసింది, వేస్తూనే ఉంది. రామమూర్తి లోలోపల ఎగిరి గంతేశాడు. మల్లేశు చేతిలో చెత్త. బాపి పళ్ళెం నిండి ఒకటి చాప మీదకి దొర్లింది. బాపి చేతిలో ఘోరం. రఘు పళ్ళెం మీద గోపురం లేచింది. రఘుది అందరికంటే దరిద్రం. ఇంక భయమేమిటి, గట్టిగా పందెం కాస్తే ముగ్గురూ ముక్కలు పడేసి పారిపోతారని, ఒక గుప్పెడు పిక్కలు ముందుకు తోశాడు. తన పళ్ళెం వైపు అతను చూసుకోలేదు. అలా చూసుకునే అలవాటు అతనికి లేదు.

మల్లేశు రెండు గుప్పెళ్ళు తోశాడు. బాపి మూడు గుప్పెళ్ళు పోశాడు. రఘు నవ్వుతూ అంతకు రెట్టింపు పోశాడు. వట్టి చేతులతో ఏమిటీ మొండితనమని రామమూర్తి ఆశ్చర్యపడి, మళ్ళీ పెంచాడు. ఒక్కడూ పడేయలేదు. ఇంతలో రాజ్యం రెండో వాయి తెచ్చి గోపురాల మీద గోపురాలు కట్టింది. నలుగురి ధైర్యమూ ఆకాశానికంటింది. మిరపకాయల ఘాటుకి కళ్ళ నీళ్ళు కారుతుండగా, ఉన్న పిక్కలన్నీ మధ్యలోకి వచ్చేశాయి. మొదటి ఆటకే ఎవరి దగ్గరా ఒక్క పిక్క మిగల్లేదు.

ముక్కలు పరిచారు.

రామమూర్తికి జాకీ. బాపికి పది. మల్లేశుకి రాణి. రఘుకి రాజు. ఒక్కడి దగ్గరా జత లేదు. అంత చెత్త ఒక్కచోట ఆ మేడ మీద ఎన్నడూ పడలేదు. ఉన్నవాటిలో పెద్దది రాజు గనక ఆట రఘుది. ఆదివారాలు జేకేపూర్‌వి.

రామమూర్తి ఆ రాజు ముక్క మీద వేలు పెట్టాడు. "ఒక్క రాజుని సేతిలో ఎట్టుకుని అంత పందెం ఎలా కాసేవయ్యా?"

"మీరు జాకీతో కాయలేదా?" అన్నాడు రఘు.

"నా సంగతి వదిలెయ్. నువ్వు సెప్పు."

రఘు కాసేపు నసిగి, మీ ముగ్గురి చేతుల్లో ఏమీ లేదని తెలుసునన్నాడు. ఎలా తెలుసని బాపి అడిగాడు. రఘు కళ్ళు ఒక్కసారి పళ్ళేల మీదకి వెళ్ళి వచ్చాయి. ఆ చూపు ముగ్గురూ చూశారు, చూసి తలలు దించుకున్నారు.

"ఓరి నీ, నీక్కూడా తెలుసేటి," అన్నాడు మల్లేశు నెమ్మదిగా.

తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. మల్లేశుకి రామమూర్తి కంటే ముందే తెలుసు. బాపికి వచ్చిన ఏడాదిలోనే తెలిసింది. రఘు మూడో వారమే పసిగట్టాడు. ఇన్నాళ్ళూ నలుగురూ, తనొక్కడికే తెలుసనుకుంటూ, పళ్ళేలు చూసే ఆడారు. మొహం చూసి ఆడినవాడు ఆ మేడ మీద ఒక్కడూ లేడు.

"మరలాగైతే షావుకారే ఎక్కువ గెలిసేవోడు, ఎందుకేటి?" అన్నాడు మల్లేశు.

"బావ పళ్ళెంలో ఎప్పుడూ ఒకటి ఎక్కువే ఉండేది గదా," అన్నాడు బాపి. "సెత్త ముక్కలే గదాని పందెం కాసేవోళ్ళం. తీరా పరిస్తే ఆసులు."

"ముక్కలు బాగున్నా బాగోకపోయినా ఆయనకి ఒకటి ఎక్కువే యేసేదాన్ని."

అందరూ తిరిగి చూశారు. మెట్ల దగ్గర, మూడో వాయి పట్టుకుని, రాజ్యం నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. ఎక్కువే విని ఉంటుందని ఆమె మొహం చెబుతోంది. ఆ మధ్యాహ్నం అక్కడ ఒకరి మొహం ఒకరు చూడటం అదే మొదలు.

"అయితే మిరపకాయలూ పిండీ నూనే మోసుకొచ్చింది ఇందుకన్నమాట," అంది.

మల్లేశు ఒక బజ్జీ తీసి కొరికి, బాగుంది వదినా అన్నాడు.

"ఇప్పుడు నీ సేతిలో ముక్కలు లేవు గదా, ఎవరి గుట్టు కోసం సెప్తున్నావు?" అంది రాజ్యం. తర్వాత పళ్ళెం కింద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుంది. "జరగండి. నాకూ ముక్కలెయ్యండి. నేను గెలిస్తే ఆదివారాలు ఈ ఇంట్లోనే. ఓడితే జేకేపూర్ పొండి, నేను అడ్డం రాను."

రామమూర్తికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ ఆట నీకు రాదని గొణిగాడు. ఆమె వినిపించుకోకుండా వంటింట్లోకి వెళ్ళి, కొత్త చింతపండు పిక్కలు చేటెడు తెచ్చి తన ముందు పోసుకుంది. అవన్నీ ఆమె ఒలిచినవే గనక ఎవరూ కాదనలేకపోయారు.

రఘు గెలిచిన పిక్కలు నలుగురూ మళ్ళీ సమానంగా పంచుకున్నాక, పళ్ళేలు లేని ఆట మొదలైంది. నలుగురు మగవాళ్ళూ ఎక్కడ చూడాలో తెలియక ముక్కల్లోకి చూసుకున్నారు. రాజ్యానికి అలాంటి ఇబ్బందేమీ లేదు. ఆమె ఇన్నేళ్ళూ ఒక్కొక్కడి వీపు వెనక నిలబడి, వాడి చేతిలో ఏముందో, అప్పుడు వాడేం చేస్తున్నాడో చూస్తూనే ఉంది.

"మల్లేశూ, ఒంటి ఆసు ఎట్టుకుని ఆశపడకు, పడేసెయ్," అంది. మల్లేశు ఉలిక్కిపడి పడేశాడు. బాపికి మంచి ముక్కలొస్తే బొటనవేలు కదులుతుందట, ఆ వేలు కదలగానే ఆమె తన ముక్కలు దించేసింది. రఘు అబద్ధపు పందెం కాసేటప్పుడు కళ్ళజోడు సర్దుకుంటాడట, సర్దుకున్నప్పుడల్లా అతన్ని నిలువునా ఊడ్చింది. రామమూర్తి సంగతి ఇక చెప్పనక్కర్లేదు, అతన్ని చూడకుండానే గెలిచింది. దీపాలు పెట్టే వేళకి పిక్కలన్నీ ఆమె చేటలో ఉన్నాయి.

రఘు మర్యాదగానే ఓటమి ఒప్పుకుని, చెప్పులు వేసుకుంటూ వచ్చేవారం ఇక్కడే కదా అని అడిగాడు. ఇక్కడేనని రాజ్యం చెప్పింది. బజ్జీలు మాత్రం ఓడినవాళ్ళే వేయాలంది. అందరూ వెళ్ళాక రామమూర్తి పళ్ళెం దగ్గర చతికిలబడి, చల్లారిన బజ్జీ ఒకటి తిన్నాడు. లోపల వామూ చింతపండూ ఉంటాయని అతనికి ఆ రోజే తెలిసింది. ఇంకోటి తీసుకున్నాడు. బాగుందని చెప్పబోయి, ఇప్పుడు తానేమన్నా ఆమె నమ్మదని గుర్తొచ్చి, ఊరికే తింటూ కూర్చున్నాడు. రాజ్యం అది చూసి, అడక్కుండానే మరొకటి అతని పళ్ళెంలో వేసి కిందికి వెళ్ళింది.

ఆదివారాలు ఆ మేడ మీదే సాగుతున్నాయి. అయిదు ముక్కల పోకరు మాత్రం మరి రెండు వారాలకే మూలపడింది. ఆ రెండు వారాలూ బజ్జీలు వేసింది మగవాళ్ళే, వాటిని తిన్నదీ వాళ్ళే, ఆ శిక్ష చాలనిపించింది. ఇప్పుడు రఘు చెప్పిన కొత్త ఆటే ఆడుతున్నారు, ముక్కలు సగానికి పైగా చాప మీదే పడి ఉంటాయి గనక గొడవ లేదు. రాజ్యం అందులో కూర్చోదు, అంతా బయటే ఉన్నాక చూడటానికేముందని.

అంత మంచి ఆట ఎందుకు మానేశారని బజారులో అడిగితే మల్లేశు మోకాళ్ళ నొప్పులంటాడు, బాపి చూపు ఆనడం లేదంటాడు, రామమూర్తి కొట్లో తీరికే దొరకడం లేదంటాడు. రాజ్యాన్ని అడిగితే మాత్రం, ఆ ఆట వాళ్ళకెప్పుడూ రాలేదంటుంది.